కేస్ స్టడీ: మాధవి లేని సత్యభామ, వేసవి నాటక శిక్షణలో సీటు

ఈ కేసులోని విద్యార్థిని నేను పనిచేసే న్యూజెర్సీలోనే ఒక ప్రభుత్వ హైస్కూల్లో పదకొండో తరగతి చదువుతున్న తెలుగమ్మాయి. ఆరేళ్ల వయసు నుంచి కూచిపూడి నేర్చుకుంది. ఉగాదికీ దీపావళికీ తెలుగు సంఘాల వేదికల మీద ఆడింది. స్కూలు నాటకాల్లో మాత్రం మాటలున్న వేషం ఒక్కటీ దక్కలేదు. ఆ ఏడాది నాటకానికి తెర వెనుక సహాయ స్టేజ్ మేనేజరుగా పనిచేసింది. వచ్చే వేసవిలో ఏదైనా విశ్వవిద్యాలయం నడిపే నాటక శిక్షణలో చేరాలని ఆమె కోరిక. ఆడిషన్లకు సిద్ధం కావడానికి సెప్టెంబరు చివర్లో నా దగ్గరకు వచ్చింది. కుటుంబం అనుమతితోనే ఇది రాస్తున్నాను. గుర్తుపట్టే వివరాలన్నీ తీసేశాను. ఆమెకు సీటిచ్చిన విశ్వవిద్యాలయం పేరు కూడా అందుకే చెప్పడం లేదు.

ఈ శిక్షణలంటే ఏమిటో తెలియని తల్లిదండ్రుల కోసం రెండు మాటలు. అమెరికాలో ఇవి కొత్తగా పుట్టినవి కావు. ఇలినాయ్‌లోని నార్త్‌వెస్టర్న్ విశ్వవిద్యాలయం హైస్కూలు పిల్లలకు వేసవి శిక్షణను 1931లోనే మొదలుపెట్టింది. అక్కడి నాటక విభాగంలో పన్నెండో తరగతిలోకి అడుగుపెట్టబోయే పిల్లలు ఐదు వారాల పాటు మిషిగన్ సరస్సు ఒడ్డునున్న క్యాంపస్‌లో ఉండి పనిచేస్తారు. మిషిగన్ రాష్ట్రంలోని ఇంటర్‌లాకెన్ శిబిరం 1928 నాటిది. పిట్స్‌బర్గ్‌లో 1914 నుంచీ నాటకంలో పట్టా ఇస్తున్న కార్నెగీ మెలన్ కూడా హైస్కూలు పిల్లలకు వేసవిలో తలుపులు తెరుస్తుంది. పేరున్న చోట్ల సీట్లు తక్కువ, దరఖాస్తులు ఎక్కువ. చాలా చోట్ల అడిగేవి దాదాపు ఒకటే: ఒకటో రెండో మోనోలాగ్‌లు (నాటకంలో ఒకే పాత్ర ఏకధాటిగా మాట్లాడే ముక్కలు), ఒక వ్యాసం, టీచరు సిఫారసు లేఖ, మార్కుల పత్రం, అప్పటిదాకా చేసిన పనుల జాబితా, ఒక ఫోటో. కొన్నిచోట్ల ఆ పైన వీడియోలో ప్రత్యక్ష సంభాషణ కూడా ఉంటుంది.

మొదటి సమావేశానికి అమ్మానాన్నలు ఇద్దరూ వచ్చారు. నాన్నగారు నేరుగా అడిగారు: "అక్కడ వేసవి సీటు వస్తే రేపు ఆ యూనివర్సిటీలో అడ్మిషన్ వచ్చినట్టేనా అండీ?" కాదని నేరుగానే చెప్పాను. ఈ శిక్షణ కాలేజీ సీటుకు హామీ కాదు. రోజుకు పది పన్నెండు గంటలు నాటకం మీదే బతకడం తనకు ఇష్టమో కాదో పదహారేళ్ల పిల్లకు తెలిసే అవకాశం ఇది. ఇష్టం లేదని తెలిసినా డబ్బు దండగ కాలేదనే నా అభిప్రాయం, ఎందుకంటే అదే సంగతి కాలేజీలో చేరాక తెలిస్తే పోయేది నాలుగేళ్లు. అమ్మగారి ప్రశ్న ఖర్చు గురించి. వసతితో కలిపి నాలుగైదు వారాలకు ఐదు వేల నుంచి పది వేల డాలర్ల దాకా, కొన్నిచోట్ల అంతకు మించీ అవుతుంది. చాలా సంస్థలు ఆర్థిక సహాయం ఇస్తాయి కానీ దానికి వేరే ఫారం, చాలా సార్లు వేరే గడువు ఉంటాయి. సీటు వచ్చాక చూద్దాంలే అనుకునేవారికి ఆ గడువు దాటిపోతుంది. ఈ కుటుంబం రెండు దరఖాస్తులనూ ఒకే రోజు పంపింది.

ఆ రోజే అమ్మాయి నాకొక మోనోలాగ్ చేసి చూపించింది. ఇంటర్నెట్‌లో దొరికిన ముక్క అది. చనిపోతున్న తల్లి మంచం పక్కన కూతురు ఏడుస్తూ మాట్లాడుతుంది. ఏ నాటకంలోదో ఆమెకు తెలియదు, ఎందుకంటే అసలు నాటకమే లేదు. ఆడిషన్ల కోసమే ఎవరో రాసి పెట్టిన పేజీ. ఆమె గొంతు బాగుంది, ప్రతి మాటా స్పష్టంగా వినిపించింది, ఒంటి మీద అదుపు ఉంది. పదేళ్ల నాట్యం ఊరికే పోదు. కానీ బాధ అనే మాట రాకముందే కనుబొమలు బాధలోకి వెళ్లిపోతున్నాయి. కోపం రాకముందే చేతులు కోపాన్ని ప్రకటిస్తున్నాయి. భావం పుట్టడం నాకు కనబడలేదు, పుట్టి పెరిగిన భావాన్ని తెచ్చి నా ముందు పెడుతోంది. పెద్ద వేదిక మీద, వెనక వరుస దాకా చేరాల్సిన నాట్యంలో అది గుణమే. రెండడుగుల దూరంలో ఉన్న కెమెరా ముందు అదే గుణం అబద్ధంలా కనిపిస్తుంది.

ఇలాంటి పిల్లలకు "నాట్యం మరిచిపో" అని చెప్పే శిక్షకులున్నారు. ఆ సలహాను నేను ఒప్పుకోను. పదేళ్లు శరీరంలో ఇంకినదాన్ని మూడు నెలల్లో ఎవరూ మరిచిపోలేరు. ప్రయత్నిస్తే మిగిలేది బిగుసుకుపోయిన మనిషి. ఆ విద్యలోనే మనకు కావలసినది ఎక్కడుందో వెతకాలి.

ఏం నేర్చుకున్నావని అడిగితే భామాకలాపం అంది, సత్యభామ కథగా నడిచే కూచిపూడి నృత్యనాటకం. చేసి చూపించమన్నాను. సత్యభామ ప్రవేశ దరువు, అంటే సభకు తనను తాను పరిచయం చేసుకునే పాట, చేసింది, చాలా బాగా చేసింది. ఆ తర్వాత సత్యభామ చెలికత్తె మాధవి రావాలి కదా, ఆ సంభాషణ చెయ్యమన్నాను. అది రాదంది. ఆశ్చర్యపడాల్సిన పనేమీ లేదు. ఇక్కడి కార్యక్రమాల్లో ప్రవేశ దరువును ఒంటరి అంశంగా ఆడతారు, పది నిమిషాల్లో ముగుస్తుంది. సిద్ధేంద్ర యోగి కలాపంలో మాత్రం సత్యభామ తన గురించి తాను సభకు చెప్పుకున్నాక మాధవితో మాట్లాడాలి. గొప్పలు పోవాలి, మాధవి వేసే చిలిపి ప్రశ్నలకు ఉడుక్కోవాలి, బతిమాలాలి, చివరికి కృష్ణుడికి లేఖ రాసి ఆమె చేతికే ఇవ్వాలి. అంటే ఈ అమ్మాయి పదేళ్లుగా సత్యభామే, కానీ మాధవి ఎదురుగా లేని సత్యభామ. సభతో మాట్లాడటం వచ్చు. ఎదుటి మనిషి నుంచి ఏదో ఒకటి రాబట్టడానికి మాట్లాడటం ఎవరూ నేర్పలేదు. నా దృష్టిలో ఈ కేసు మొత్తానికి కీలకం ఇదే.

అందుకని ఆమెను తిరిగి గురువుగారి దగ్గరకే పంపాను. మాధవి సంవాదం నేర్పమని నేనే ఫోను చేసి అడిగాను. ఆ గురువుగారు సంతోషంగా ఒప్పుకుని మాధవి వేషం తానే కట్టారు. ఆ పాఠాల్లో ఒకదానికి నేనూ వెళ్లి కూర్చున్నాను. గురువుగారు కావాలనే ఒక జవాబును ఆలస్యం చేశారు. అమ్మాయి తన తర్వాతి మాట అందుకోబోయి ఆగింది, గురువుగారి ముఖంలోకి చూసింది, ఆ మౌనానికి నిజంగా చిరాకు పడింది. ఆ చిరాకు ఎక్కడా నేర్చుకున్నది కాదు. నాకు కావలసింది దొరికింది.

ఇక మోనోలాగ్‌ల ఎంపిక. నా నియమాలు కొన్ని ఉన్నాయి. అచ్చైన నాటకంలోదే కావాలి, పిల్ల ఆ నాటకం మొత్తం చదవాలి. పాత్ర వయసు తన వయసుకు దగ్గరగా ఉండాలి. తనది కాని యాస వద్దు. హత్యలు, అత్యాచారాలు, ఆత్మహత్యల మీద నడిచే ముక్కలు వద్దు, ఆ బరువు కింద పిల్ల కనబడదు. రెండు నిమిషాలు అడిగితే నిమిషం ముప్పావులో ముగియాలి. ఈ చివరిది చిన్న విషయంలా ఉంటుంది కానీ అడిగిన నిడివి మీరిన వీడియోను మధ్యలో ఆపేయడానికి చూసేవారికి హక్కుంది.

సమకాలీన నాటకం నుంచి తీసుకున్నది ఒక చెల్లెలు అన్నతో మాట్లాడే ముక్క. ఇంట్లో చెప్పకుండా అన్న కాలేజీ మానేశాడని ఆమెకు తెలిసిపోయింది. కన్నీళ్లు లేవు. మధ్యలో ఒక నవ్వు కూడా ఉంది. దీనికి మాధవి పాఠం నేరుగా పనికొచ్చింది: ఎదురుగా ఒకే మనిషి, అతని నుంచి ఆమెకు ఒకటి కావాలి, అతను ఇవ్వడం లేదు.

రెండోదానికి షేక్‌స్పియర్ ట్వెల్ఫ్త్ నైట్ నుంచి వయోలా స్వగతాన్ని ఎంచుకున్నాం, రెండో అంకం రెండో రంగంలోనిది. మగవేషంలో ఉన్న వయోలాకు, తాను రాయబారం తీసుకువెళ్లిన ఒలీవియా తన మీదే మనసు పడిందని ఒక ఉంగరం వల్ల అర్థమవుతుంది. ఆడిషన్లలో తరచుగా వినిపించేదే ఇది, అందుకని చాలామంది వద్దంటారు. నేను ఈ అమ్మాయికి కావాలనే ఇచ్చాను. ఇక్కడ ఎదురుగా మనిషి లేడు. వయోలా తన చిక్కును సభతోనే చెప్పుకోవాలి, అది ఈమెకు పుట్టుకతో వచ్చినంత బాగా వచ్చు. అంటే వయోలా ముక్కలో ముందునుంచీ ఉన్న బలం, చెల్లెలి ముక్కలో కొత్తగా సంపాదించిన బలం కనిపిస్తాయి. దరఖాస్తుల్లో "పరస్పర భిన్నమైన రెండు మోనోలాగ్‌లు" అని అడిగితే పిల్లలు ఒకటి ఏడుపు, ఒకటి నవ్వు అని అర్థం చేసుకుంటారు. ఎవరితో మాట్లాడుతున్నామన్నది మారితే ఆ భిన్నత్వం ఇంకా బాగా తెలుస్తుంది.

వయోలాతో వచ్చిన చిక్కు లయ. షేక్‌స్పియర్ పంక్తికి సాధారణంగా పది అక్షరాలు, ఐదు ఊనికలు, అంటే నొక్కి పలికే చోట్లు. మన ఛందస్సు గురులఘువుల మీద నడిస్తే అది ఊనిక మీద నడుస్తుంది. తాళం వేసి పెరిగిన పిల్ల కాబట్టి ప్రతి ఊనికనూ పాదంతో కొట్టినట్టే పలికేది, అర్థం వెనక్కి పోయేది. దీనికి నాటకశాలల్లో చేయించే పాత అభ్యాసం ఒకటుంది: పంక్తులు చెబుతూ గదిలో నడవాలి, విరామ చిహ్నం వచ్చిన ప్రతిచోటా నడిచే దిశ మార్చాలి. వయోలా ఈ ప్రసంగంలో ఎన్నిసార్లు ఆలోచన మార్చుకుంటుందో కాళ్లకు తెలిసిపోతుంది. నడిచి నడిచి అలసిపోయాక కూర్చోబెట్టి, అదే ప్రసంగాన్ని నెమ్మదిగా, నాకొక రహస్యం చెప్పినట్టు చెప్పమన్నాను. లయ పోలేదు, కానీ అర్థానికి దారి ఇచ్చింది.

వ్యాసం గురించి కాస్త ఎక్కువే చెప్పాలి, ఎందుకంటే మన కుటుంబాలు దీన్ని చివరి వారానికి వదిలేస్తాయి. ప్రశ్న ఇది: బృందంలో ఒకరిగా పనిచేసిన అనుభవం రాయండి. మొదటి ప్రతి "చిన్నప్పటి నుంచీ రంగస్థలమే నా ప్రాణం" అని మొదలైంది. అందులో బృందం లేదు, రంగస్థలమూ లేదు. నేను పిల్లల వ్యాసాల్లో ఒక్క వాక్యం కూడా రాయను, దిద్దను. ప్రశ్నలు అడుగుతాను. శరదృతువు నాటకంలో నీ పనేమిటి? వస్తువులు సర్దడం. ఏ వస్తువు? ఒక ఉత్తరం. అది ఎక్కడ ఉండాలి? బల్ల సొరుగులో. ఎప్పుడైనా అక్కడ లేకుండా పోయిందా?

అప్పుడు బయటపడింది కథ. రెండో రోజు ప్రదర్శనలో రంగం మారే చీకట్లో బల్లను తిప్పి పెట్టారు, సొరుగు గోడవైపుకు పోయింది. నటుడు ఆ సొరుగు లాగి ఉత్తరం తీస్తేనే తర్వాతి కథ నడుస్తుంది. ఈ అమ్మాయి దగ్గర అదే ఉత్తరానికి ఇంకో నకలు ఉంది. ఎవరూ చెప్పకపోయినా మొదటి రిహార్సల్ నుంచీ ఒకటి జేబులో పెట్టుకునేది. వెలుగు వచ్చేలోగా దాన్ని దీపం కింద పెట్టి, పక్క తెర దగ్గర ప్రవేశానికి సిద్ధంగా ఉన్న నటుడి చెవిలో "దీపం కింద" అని రెండు మాటలు చెప్పింది. సభలో ఎవరికీ ఏమీ తెలియలేదు. ఇదంతా ఆమెకు చెప్పుకోదగ్గ విషయంగానే తోచలేదు, ఎందుకంటే అందులో తాను వేదిక మీద లేదు. రెండో ప్రతి మొత్తం ఆ ఉత్తరం గురించే రాసింది. తన గురించి ఒక్క పొగడ్త లేదు. చదివినవారికి మాత్రం ఈ పిల్లను ఐదు వారాలు నమ్మి పని అప్పగించవచ్చని తెలుస్తుంది. ఎంపిక చేసేవారు వెతికేది అదే. పూర్తిగా తయారైన నటి వాళ్లకు అక్కర్లేదు, తయారైనవాళ్లకు వేసవి శిక్షణ ఎందుకు? కొత్త మనుషుల మధ్య పొద్దున్నుంచి రాత్రిదాకా కలిసి పనిచేయగలిగే పిల్లలు కావాలి.

సిఫారసు లేఖ కూడా ఆ వైపు నుంచే ఆలోచించాం. ఎక్కువ పేరున్న మనిషిని కాక, ఆమె పని కళ్లారా చూసిన స్కూలు నాటకం టీచరునే అడిగింది, అది కూడా గడువుకు నెలన్నర ముందు. మార్కులు బాగానే ఉన్నాయి, ఫోటో పెరట్లో పగటి వెలుగులో తీశారు. వాటి గురించి చెప్పడానికి ఇంకేమీ లేదు.

వీడియో చిత్రీకరణ వాళ్లింట్లోనే జరిగింది. ఫోను అడ్డంగా, కళ్ల ఎత్తులో, స్టాండు మీద. ఛాతీ నుంచి తల పైదాకా ఫ్రేము. వెనుక బొమ్మలు, గడియారం లేని సాదా గోడ. వెలుతురు ముందున్న కిటికీ నుంచి, అంటే ఉదయం తొమ్మిదికీ పదకొండుకీ మధ్య. చిత్రీకరించేటప్పుడు ఫ్రిజ్ ఆపేయాలి, దాని గుంయిమనే శబ్దం చెవికి తెలియకపోయినా ఫోనుకు తెలుస్తుంది. వంటింట్లో కుక్కరు కూడా పెట్టకూడదని ఆ ఇంట్లో అందరికీ ఆ ఉదయమే తెలిసింది. చక్కగా వచ్చిన ఒక టేకు మూడో విజిల్‌తో పోయింది.

ఇంకో ముఖ్యమైన పని మిగిలి ఉంది. చెల్లెలు మాట్లాడే అన్న ఎక్కడ? గోడ మీద చుక్క పెట్టి దానితో మాట్లాడమంటారు చాలామంది. చుక్క వినదు. లెన్సుకు కాస్త పక్కగా ఒక మనిషిని కూర్చోబెట్టాలి. ఆ రోజు ఖాళీగా ఉన్నది గుంటూరు నుంచి వచ్చిన అమ్మమ్మగారు. ఆవిడకు ఇంగ్లీషు కొద్దిగా అర్థమవుతుంది. ముందుగా కథంతా తెలుగులో చెప్పి కూర్చోబెట్టాం. మనవరాలు మాట్లాడుతుంటే ఆవిడ ఒక మాట దగ్గర తలూపారు, ఒక మాట దగ్గర అర్థం కాక కళ్లు చిట్లించారు. ఆ చిట్లించిన దగ్గర అమ్మాయి అదే వాక్యాన్ని ఇంకాస్త నిదానంగా, ఇంకాస్త ముందుకు వంగి చెప్పింది. అర్థమయ్యేలా చెప్పాలన్న ఆ తాపత్రయం ముక్కకు కావలసిన తాపత్రయమే. టేకు అయిపోగానే ఆవిడ, "పాపం, వాడేమన్నాడే మరి?" అని అడిగారు. పంపించింది ఆ టేకే.

వీడియోలు పంపిన తర్వాత ఒక విశ్వవిద్యాలయం ప్రత్యక్ష సంభాషణకు పిలిచింది. ఇద్దరు అధ్యాపకులు, పావుగంట. దీనికి మేము చేసిన సాధన ఒక్కటే: ప్రతి క్లాసులోనూ అదే మోనోలాగ్‌ను కొత్త పరిస్థితిలో చేయించాను. పక్కగదిలో నాన్న నిద్రపోతున్నాడు. అన్న బస్సు ఇంకో నిమిషంలో వస్తుంది. ఈ సంగతి నీకు చెప్పింది అన్న స్నేహితుడే. ప్రతిసారీ మాటలు అవే, పని వేరు. అలవాటైన తీరును వదులుకోవడం పిల్లలకు మొదట్లో నచ్చదు. కానీ అధ్యాపకులు మార్పు చెప్పి మళ్లీ చేయించడం వంకలు పెట్టడానికి కాదు, ఈ పిల్లకు నేర్పవచ్చా అని చూడటానికి.

ఆ రోజు ఒక అధ్యాపకురాలు ఆమెకు ఇలా చెప్పారట: "మళ్లీ చెయ్యి. ఈసారి అతన్ని నిలదీయకు, గదిలోంచి వెళ్లిపోకుండా ఆపు." అమ్మాయి వెంటనే మొదలుపెట్టలేదు. "అతను తలుపు దగ్గర ఉన్నాడా, కుర్చీలో కూర్చున్నాడా?" అని అడిగింది. నువ్వే నిర్ణయించుకో అన్నారు. తలుపు దగ్గర ఉన్నాడనుకుని చేసింది. ఆ ప్రశ్న నేను నేర్పింది కాదు, వస్తువు ఎక్కడ ఉండాలో చూసుకునే స్టేజ్ మేనేజరు బుర్రలోంచి వచ్చింది.

వయోలాను ఎందుకు ఎంచుకున్నావన్న ప్రశ్న కూడా వచ్చింది. షేక్‌స్పియర్ కాలంలో వయోలా వేషం కట్టింది ఒక అబ్బాయి. అంటే అబ్బాయి అమ్మాయిగా, ఆ అమ్మాయి మళ్లీ మగవాడిగా. కూచిపూడిలో కూడా సంప్రదాయంగా స్త్రీ వేషాలు మగవారే కట్టేవారని, సత్యభామగా వేదాంతం సత్యనారాయణ శర్మగారు ఎంత ప్రసిద్ధులో, ఆయన వీడియోల్లో జడ తిప్పే తీరును తాను ఎన్నిసార్లు చూసిందో చెప్పింది. సొంత సంస్కృతిని ఆడిషన్‌లో సరుకులా పెట్టమని నేను ఏ పిల్లకూ చెప్పను. ఇక్కడ అలా జరగలేదు. అడిగిన ప్రశ్నకు ఆమెకు తెలిసిన నిజమైన జవాబు అది, పక్క దరఖాస్తులో ఉండే అవకాశం లేని జవాబు.

దరఖాస్తు పంపింది మూడు చోట్లకు. ఒకచోట రాలేదు. ఒకచోట వెయిటింగ్ లిస్టులో పెట్టారు, అది కదల్లేదు. ప్రత్యక్షంగా మాట్లాడిన చోట సీటు వచ్చింది, రుసుములో కొంత భాగానికి సహాయం కూడా. తిరస్కరణ ఉత్తరమే ముందు వచ్చింది. ఆ వారం క్లాసులో ఆడిషన్ ఊసెత్తకుండా, అమ్మాయి అడిగిందని మాధవి సంవాదాన్నే ఇంగ్లీషులో ఆశువుగా ఆడించాను. మాధవి నేనే.

వేసవిలో ఆమెకు ప్రధాన పాత్ర రాలేదు. రెండు రంగాల్లో కనిపించే కబురు తెచ్చే మనిషి వేషం, ఉదయాలు దుస్తుల విభాగంలో పని. తిరిగి వచ్చాక నాన్నగారు నాతో ఫోనులో అన్న మాట: "ఇంట్లో బట్టలు మడతపెట్టే తీరే మారిపోయిందండీ." ఆ శరదృతువులో కాలేజీల నాటక విభాగాలకు ముందస్తు వీడియోలు పంపాల్సి వచ్చినప్పుడు వయోలానే కొద్ది మార్పులతో వాడుకుంది. నటనకే పరిమితమైన బి.ఎఫ్.ఎ. పట్టా కోసం జనవరి చివర్లో న్యూయార్క్‌లో పలు కాలేజీలు ఒకేచోట జరిపిన ఉమ్మడి ఆడిషన్లకూ వెళ్లింది. చివరికి తానే ఆలోచించుకుని, నాటకంతో పాటు ఇంకో విషయం కూడా చదవడానికి వీలుండే బి.ఎ.లో చేరింది. రెండో విషయంగా మనస్తత్వ శాస్త్రం తీసుకుంది. మొదటి సెమిస్టరులో నటన తరగతితో పాటు స్టేజ్ మేనేజ్‌మెంట్‌లో కూడా పేరు నమోదు చేసుకుంది.